చీటీ మీద చిరునామా

"మందులు మీ తమ్ముడు తీసుకెళ్ళాడుగా అమ్మా!"

ఫోన్లో ఆడగొంతు. మందుల కోసం చేసింది.

"నాకు తమ్ముళ్ళెవరూ లేరు సిస్టర్..."

నర్సు చేతిలో పెన్ను ఆగిపోతుంది.

గంట క్రితం వచ్చిన మనిషి. పక్కటెముక విరిగింది. మెట్ల మీంచి పడ్డానంది. డాక్టర్ సంతకం కోసం అరగంట ఎదురుచూసి, ఏ శబ్దానికి బెదిరిందో... మందులు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. కాసేపటికి అతనొచ్చాడు. "మా అక్క మందులండీ" అన్నాడు నవ్వుతూ.

"పొడుగ్గా ఉన్నాడు. కనుబొమ్మ మీద గాటు..."

"మా ఆయనే! పొట్లం మీద ఏం రాశారు?"



బయట మందుల షాపులన్నీ మూసేస్తేనే ఎమర్జెన్సీలో ఇంటికి మందులివ్వాలి. మూడు రోజులకే. పొట్లం మీద పేరు, చిరునామా తప్పనిసరి. చట్టం!

"అడ్రస్ వద్దు సిస్టర్" అని బతిమాలింది ఆమె.

"రాయకపోతే నా ఉద్యోగం ఊడుతుంది తల్లీ!"

ఆమె చెప్పినంత వరకూ నర్సు రాసింది. గుండ్రటి అక్షరాల్లో!

"ఎవరొచ్చినా తలుపు తీయకండి! ఏ ఇల్లు మీది?"

"ఐదో అంతస్తు... చివరిది..."

కట్!

మళ్ళీ చేస్తుంది. స్విచాఫ్!

పోలీసులకు ఫోన్ చేస్తుంది. "బయల్దేరుతున్నాం మేడమ్" అంటారు. ఎప్పటికొస్తారో!

ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే.

పరిగెడుతుంది.

ఆమెను కాపాడ్డానికా? తన చేతిరాతను చెరిపేసుకోడానికా? తేల్చుకునే తీరిక లేదు.

మేడ. గేటు దగ్గర ఎవరూ లేరు. లిఫ్టు పనిచేయదు. మెట్ల మీద దీపం లేదు.

రెండో అంతస్తు... మూడు... అడుగులు రెండింతలుగా వినిపిస్తాయి. గోడల ప్రతిధ్వని... అంతే!

ఐదు. చివరి తలుపు.

మూసే ఉంది, చెక్కుచెదరలేదు!

"అమ్మా! నేను, నర్సుని!"

లోపల్నించి సన్నగా... "ఎవరొచ్చినా తీయొద్దన్నారుగా?"

"నాకు తీయమ్మా! పోలీసులొచ్చేదాకా తోడుంటా."

గొలుసు జారుతుంది. తలుపు తెరుచుకుంటుంది.

ఆమె నర్సుని చూడదు. నర్సు భుజం మీదుగా చూస్తుంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"థాంక్స్ సిస్టర్!"

చెవి పక్కనే... అదే నవ్వు!

"మేడ పేరు బాగానే రాశారు. నలభై ఇళ్ళు! ఏ తలుపు కొట్టాలో తెలీక... ఇందాకట్నించీ కింద మెట్ల చీకట్లోనే నిలబడ్డా."