గోడవైపు తిరిగిన అబ్బాయి

పాస్‌వర్డ్ వేరేవాళ్ళు కొట్టేటప్పుడు గోడవైపు తిరిగి నిలబడే మనిషిని ఎక్కడైనా చూశారా? నెట్టబ్బాయి అలాగే నిలబడతాడు. ఇళ్ళకీ షాపులకీ వైఫై పెట్టడం అతని పని. పెట్టె బిగించి, వైరు లాగి, అంతా అయ్యాక, "ఇక పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, నాకు చెప్పొద్దు" అని గోడవైపు తిరిగేస్తాడు. పళ్ళ డాక్టరు గోడైతే దవడ బొమ్మలు చూస్తాడు, వకీలు గోడైతే కేలెండరు చదువుతాడు.

ఫొటో స్టూడియోకి పిలిచిన రోజు మాత్రం ఆ గోడమీద ఒక చిన్నపిల్ల ఫొటో ఉంది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, ఆ సందులోంచి నాలుక బయటపెట్టి నవ్వుతోంది. వెనకాల పాస్‌వర్డ్ కొడుతున్నది ఆ పిల్లే, పెద్దదై. "ఇక తిరగొచ్చండీ" అని ఆ అమ్మాయి రెండుసార్లు పిలిచినా ఇతను తిరగలేదు.

అంతకుముందు ఇద్దరూ పోట్లాడుకున్నారు లెండి. పెట్టె అందంగా లేదు, బీరువాలో దాచేయమంది ఆ అమ్మాయి. బీరువాలో పెడితే నోట్లో గుడ్డ కుక్కి పాట పాడమన్నట్టు ఉంటుందన్నాడు ఇతను. మీరు పాడక్కర్లేదు, అది పాడితే చాలంది ఆ అమ్మాయి. చివరికి వాళ్ళ నాన్న, ఆ స్టూడియో పెద్దాయన, కెమెరా తుడుచుకుంటూ, పైన గోడకి పెట్టి గొడవ వదిలించుకోండర్రా అన్నాడు. ఇతను నిచ్చెనెక్కాడు. నిచ్చెన ఊగితే ఆ అమ్మాయి వచ్చి రెండు చేతులతో పట్టుకుని పైకి చూసింది. చూపంటే మామూలు చూపే. కానీ పైనున్నవాడికి మామూలుగా తగల్లేదు.

దిగాక ఎప్పటిలాగే పాఠం చెప్పాడు. రెండు నెట్‌వర్కులు పెట్టాను. బెంచీమీద కూర్చునే కస్టమర్లకి గెస్టుది ఇవ్వండి. లోపలిదాంట్లో మీ కంప్యూటరు, అందరి ఫొటోలు, ఆ పెద్ద ప్రింటరు ఉన్నాయి, కాబట్టి అది ఇంట్లోవాళ్ళకే. ఎవరడిగినా ఇవ్వొద్దు.

"మీరడిగినా?" అంది ఆ అమ్మాయి.

"నేనడిగితే అసలే ఇవ్వొద్దు."

మాట నిలబెట్టుకుంది మహాతల్లి. ఆ తరవాత సిగ్నల్ చూద్దామని ఒకసారి, వైరు వదులైందేమోనని ఒకసారి, ఏమీ లేకపోయినా ఒకసారి, ఇతను వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా టీ ఇచ్చేది, వెక్కిరించేది, తను తీసిన ఫొటోలు చూపించి ఎలా ఉన్నాయో చెప్పమనేది. అతని ఫోను మాత్రం గెస్టులోనే. అతనే పెట్టిన గెస్టు, తాబేలులా నడిచే గెస్టు.

అదీ బాగానే ఉండేది, మేడమీద గదిలో అద్దెకి గిటారు మాస్టారు దిగకపోతే.

గిటారు మాస్టారు పొడుగు. మామూలు పొడుగా, నిచ్చెన అక్కర్లేని పొడుగు. మెడమీద పడే జుట్టు, నడిస్తే అది కూడా తాళం వేసేది. పెద్దాయన్ని వచ్చీరాగానే "మావయ్యగారూ" అన్నాడు. నెట్టబ్బాయి చేతిలో టీ కప్పు కింద పెట్టేశాడు. ఇన్నాళ్ళుగా వస్తున్నా తను "సార్" దగ్గరే ఆగిపోయాడు. వీడు నిన్న వచ్చి ఇవాళ మావయ్య దాకా వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫొటోలకి అంచులు కత్తిరిస్తోంది. ఇతను బెంచీమీద ఉన్నాడు. గిటారు మాస్టారు స్టూలుమీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. మూలనున్న పెద్ద ప్రింటరు గురగురమంది. ముందు జుట్టు వచ్చింది. తరవాత నుదురు. తరవాత కళ్ళు, అందులో ఒకటి కొంచెం మూసి. తరవాత నవ్వు, ఆ నవ్వు ఎంతకీ అయిపోదు. ఆఖర్ని గిటారు. తన క్లాసుకి పోస్టరట.

నెట్టబ్బాయికి చెవులు వేడెక్కాయి. ఆ ప్రింటరు లోపలి నెట్‌వర్కులో ఉంది. గెస్టులోంచి దాన్ని కదిలించడం ఎవరివల్లా కాదు. తనే కట్టిన గోడ అది. అంటే వీడు లోపల ఉన్నాడు. ఇంట్లోవాళ్ళలో ఉన్నాడు.

ఆ వారమంతా అతను మనిషి కాడు. వైరు చివర రంగులు తారుమారు చేసి క్లిప్పు బిగించాడు, విప్పాడు, మళ్ళీ తప్పుగా బిగించాడు. కాఫీ హోటల్లో రేడియోలో గిటారు వినిపిస్తే కాఫీ వదిలేసి లేచిపోయాడు. అద్దంలో తన జుట్టు లాగి మెడదాకా వస్తుందేమో చూసుకున్నాడు, చెవి దగ్గరే ఆగింది. అసూయ పట్టుకుంటే అంతే కదా, పంటిలో ఇరుక్కున్న పీచులాంటిది. నాలుక ఊరికే అక్కడికే పోతుంది.

చివరికి స్టూడియోకి వెళ్ళి, కూర్చోకుండా, గుమ్మంలోనే అడిగేశాడు.

"పాస్‌వర్డ్ అతనికి ఇచ్చారా?"

"ఎవరికి?"

"పోస్టరు మనిషికి."

ఆ అమ్మాయి కత్తెర బల్లమీద పెట్టింది. ఎవరికీ ఇవ్వలేదంది. మరి ప్రింటరు ఎలా కదిలిందన్నాడు. అది చెప్పాల్సింది పెట్టినవాళ్ళు కదా, నన్నడుగుతారేంటంది. ఇవ్వకుండా ఎవరూ లోపలికి రాలేరు, నేను పెట్టిన నెట్‌వర్కు నాకు తెలుసు అన్నాడు. అక్కడితో ఆగితే పోయేది. ఇష్టమైనవాళ్ళకి ఇచ్చుకోండి, మీ ఇష్టం, అబద్ధమెందుకు అని కూడా అన్నాడు.

ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది.

"మా పిన్ని అడిగితే ఇవ్వలేదు. మీరు చెప్పారని. పిన్ని అలిగి వెళ్ళిపోయింది. మీ నెట్‌వర్కు మీకు తెలుసేమో, నేను మాత్రం మీకు తెలీదు. ఇక రావద్దు. వైరు తెగితే ఇంకెవర్నైనా పిలుచుకుంటాం."

వచ్చేశాడు. వస్తుంటే మేడమీంచి గిటారు వినిపించింది, ఆరున్నొక్క రాగం కాదు, మంచి హుషారు పాట.

తరవాత పళ్ళ డాక్టరు కొత్త పెట్టె పెట్టమంటే వెళ్ళాడు. మనసు లేదు, చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి. పెట్టె వెనక ఒక చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి, పక్కన ల్యాప్‌టాప్ పెడితే, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిస్తుంది. సుఖంగా ఉంటుందని పెట్టారు కానీ, తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే. అందుకని నెట్టబ్బాయి ఎక్కడికెళ్ళినా బిగించగానే సెట్టింగులోకి పోయి ఆ బటన్‌ని ఆపేస్తాడు. ఇక్కడా ఆపేశాడు.

ఆపేసిన చెయ్యి అక్కడే నిలిచిపోయింది. స్టూడియోలో ఆపానా?

పెట్టె బిగించాడు. దాని తరవాత బటన్ ఆపాలి. దాని తరవాత... నిచ్చెన ఊగింది. ఆ అమ్మాయి వచ్చి పట్టుకుని పైకి చూసింది. ఆ తరవాత ఏం చేశాడో అతనికి గుర్తే లేదు.

డాక్టరు ఏమైందయ్యా అంటుండగానే సంచీ భుజాన వేసుకున్నాడు. బయట వాన. గొడుగు డాక్టరుగారి గుమ్మంలోనే మర్చిపోయాడు.

స్టూడియోలో ఆ అమ్మాయి ఒక్కతే కనిపించింది. తడిసి ముద్దైన మనిషిని చూసి, నీళ్ళు కారుతున్నాయి, ఫొటోలకి దూరంగా నిలబడమంది. అంతకంటే మర్యాద ఇవ్వలేదు. ఇతను సంచీలోంచి ల్యాప్‌టాప్ తీశాడు. నిచ్చెన తెచ్చుకుని, ఎక్కి, పెట్టె వెనక బటన్ నొక్కాడు. దిగి తెర ఆ అమ్మాయివైపు తిప్పాడు. పాస్‌వర్డ్ అడగలేదు. లోపలికి వచ్చేసింది.

"ఈ బటన్ ఆపేయాల్సింది నేను. ఆపలేదు. అతను నొక్కి ఉంటాడు. మీరు ఇవ్వలేదు."

"అంటే ఇప్పుడు నమ్మారా? మీ ల్యాప్‌టాప్ చెప్పాక?"

"నమ్మాకే నొక్కాను. నొక్కింది మీరు చూడాలని."

ఫొటోలు తీసే గదికి అడ్డంగా నల్ల తెర ఉంటుంది. దాని వెనకనుంచి పెద్దాయన గొంతు వినిపించింది. అవును, ఆ మేడమీదబ్బాయి ఒకరోజు నెట్ కావాలంటే వాడుకోమన్నాను, ల్యాప్‌టాప్‌లో పెట్టె వెనక బటన్ నొక్కమని వచ్చింది మావయ్యగారూ అని చెయ్యి చాపి నొక్కాడు అన్నాడు. పైగా అతను అందరినీ మావయ్యే అంటాడు, పాలు పోసే ఆయన్ని కూడా, అని తెర వెనకనుంచే కలిపాడు.

ఆ అమ్మాయికి నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది. ఇంకా లెక్క తేలలేదు.

"ఊరందరికీ పాఠాలు చెప్తారు. అందరికీ ఆపే ఉంటారు. మాకెందుకు ఆపలేదు?"

నెట్టబ్బాయి అలవాటుకొద్దీ గోడవైపు తిరిగాడు. పళ్ళు ఊడిన పిల్ల నవ్వుతోంది. దానికే చెప్పాడు.

"నువ్వు నిచ్చెన పట్టుకుని పైకి చూశావు. మర్చిపోయాను."

అతని మాటలో మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. తెర వెనక కెమెరా తుడిచే గుడ్డ మాత్రం ఆగింది.

"అంటే తప్పు నాదన్నమాట" అంది ఆ అమ్మాయి మెల్లగా.

"చూపు నీది. తప్పు నాదే."

బటన్ ఆపేశాడు. పాస్‌వర్డ్ మార్చమన్నాడు. ఆ అమ్మాయి మారుస్తుంటే మళ్ళీ గోడవైపే. మేడమీద హుషారు పాట మధ్యలో ఆగింది, నెట్ పోయినట్టుంది. గిటారు మాస్టారు కిందికి తొంగి చూసి, ఏమైంది మావయ్యా అని నెట్టబ్బాయినే అడిగాడు. గెస్టులోకి రండి అన్నాడు ఇతను, చాలా మర్యాదగా.

అతను వెళ్ళాక పెద్దాయన తెర తీసుకుని బయటికి వచ్చాడు.

"బుజ్జీ, లోపలిది ఇంట్లోవాళ్ళకేనా?"

"అవును నాన్నా. ఈయనే చెప్పారుగా."

"మరి ఈ అబ్బాయి ఇంకా గెస్టులోనే ఉండాలా?"

ఆ అమ్మాయి తండ్రిని చూసింది, గోడవైపు తిరిగిన వీపుని చూసింది. చెయ్యి చాపింది. "ఫోను."

ఫోను తీసుకుని, వీపు తిప్పుకుని, చేత్తో కప్పుకుని కొట్టి ఇచ్చింది. పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు. మీరే అన్నారుగా, మీరడిగితే అసలే ఇవ్వొద్దని, అంది.

"థాంక్స్ సార్" అన్నాడు నెట్టబ్బాయి పెద్దాయనతో.

"ఇంకా సారేనా?"

ఇతను నోరు తెరిచాడు. పక్కింటివాళ్ళని పిలిచినంత సులువుగా గిటారు మాస్టారు వాడేసే మాట, ఇతని గొంతులో ఎంత సేపో తచ్చాడి బయటికి వచ్చింది. "మావయ్యా."

ఫోనుతో తీయడం ఫొటోనా అని గొణుక్కుంటూనే పెద్దాయన ఆ ఫోను తీసుకుని ఇద్దరినీ నిచ్చెన పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. నెట్టబ్బాయి ప్రింటు నొక్కాడు. మూలన ప్రింటరు గురగురమంది. ముందు తడిసిన జుట్టు వచ్చింది. తరవాత నిచ్చెన మెట్టు. తరవాత పక్కనే ఇంకో నుదురు, రెండు కళ్ళు, పైకి చూస్తూ.

కాయితం అంగుళం అంగుళంగా వస్తోంది. ఎంత నెమ్మదిగా వచ్చినా ఈసారి అతనికి తొందర లేదు.