బేస్‌మెంట్‌లో మొద్దు కొడవలి

అమెరికాలోని ఇర్వింగ్‌లో హైవే పక్కన ఒక చిన్న మ్యూజియం ఉంది. దాని బేస్‌మెంట్‌కి చెడ్డపేరు. పొద్దుగూకితే చాలు... కర్ర్... కర్ర్... ఆ చప్పుడికి ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు ఉద్యోగమే మానేశారు. నాగమల్లేశ్వరి చెప్పగా విన్నమాట ఇది. ఆవిడ ఊరికే బెదిరిపోయే మనిషి కాదు.

అక్కడ సామాన్లు తుడిచి సర్దడం ఆవిడ పని. అమెరికా వచ్చిన తొమ్మిదేళ్ళకి వర్క్ పర్మిట్ వస్తే దొరికిన మొదటి ఉద్యోగం.

కింద ఒక సొరుగులో ఈజిప్టు కొడవలి ఉంది. వేల ఏళ్ళనాటిది. ఇనుము లేదు — వంకర కర్రకి గాడి తీసి చెకుముకి రాతి పళ్ళు గుచ్చారు. అవి ఊడిపోతే, మ్యూజియం పెద్ద ఆర్యన్ మైనంతో మళ్ళీ అతికించాడు. చప్పుడు అప్పుడే మొదలైంది.

“ఆంటీ, అది టచ్ చెయ్యొద్దు,” అన్నాడు ఆర్యన్. “చేస్తే మీ జాబ్ ఉండదు.” ఇక్కడే పుట్టినవాడు. కోతలు ఫోటోల్లోనే చూశాడు.

డిసెంబరు సాయంత్రం. అందరూ వెళ్ళిపోయారు. ఆవిడ కిందికి దిగింది.

కర్ర్... కర్ర్...

ఆవిడ కదలకుండా చెవి రిక్కించింది. పన్నెండేళ్ళకే అమ్మ వెంట వరికోతకి వెళ్ళిన మనిషి. పదునున్న కొడవలి సర్రుమంటుంది. ఇది మొద్దు కొడవలి చప్పుడు!

సొరుగు లాగింది. చప్పుడు ఆగింది.

గోరుతో మైనం గీకి ఒక పన్ను పీకింది. గాడిలో దాగిన అంచు పదునుగా, తళతళా మెరుస్తోంది. కాడలు కోసి కోసి వచ్చిన మెరుపు. ఆ మెరుపు పాత జిగురనుకుని ఆర్యన్ ఆ వైపే లోపలికి గుచ్చాడు.

“తిరగేసి పెట్టాడమ్మా నీకు...” అంది గుసగుసగా, కనబడని ఆ కోతమనిషితో.

ఉద్యోగం గుర్తొచ్చింది. పోతే పోనీ! కష్టం చేసేవాళ్ళ చేతికి మొద్దు కొడవలిచ్చి చోద్యం చూస్తారా? ఒళ్ళు మండింది ఆవిడకి. పళ్ళన్నీ పీకి, తిప్పి గుచ్చింది. ఫోటో తీసి ఆర్యన్‌కి పంపింది: “నేనే మార్చాను.”

కొడవలి చేతినుంచి చేతికి అందించకూడదని అమ్మ చెప్పేది. కింద పెడితే అవతలివాళ్ళే తీసుకోవాలి. బల్లమీద పెట్టి వెనక్కి జరిగింది.

“తీసుకో. ఎవరడ్డమొస్తారో చూస్తా.”

లైటు ఆర్పి మెట్లెక్కుతుంటే వెనక నుంచి... సర్ర్... సర్ర్...

పొద్దున్నే ఆర్యన్ మండిపడుతూ కిందికి వచ్చాడు. బల్ల దగ్గర ఆగిపోయాడు. కొడవలి పెట్టినచోటే ఉంది. దాని పక్కన గుప్పెడు గోధుమ కంకులు — కాడలు కోసినచోట ఇంకా తడి ఆరలేదు.

నాగమల్లేశ్వరి చేతులు కట్టుకుని నిలబడింది.

“చెప్పు బాబూ. నా జాబ్ ఉందా, పోయిందా?”