కాన్వాసు మీద వాన

చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. శవాన్ని ఖొరిక్సాస్ పట్టణంలోని మార్చురీకి పంపాలి. ఊట దగ్గర ఫోటోలు తీయించాలి. క్యాంపులో ఉన్నవాళ్ల స్టేట్‌మెంట్లు రాసుకోవాలి. చేతికర్రను ల్యాబ్‌కు పంపాలి. పొద్దు గుంకేలోపు గొత్లీబ్‌ను తీసుకెళ్లి సెల్‌లో పెట్టాలి.

ఒక్కొక్కటే అయ్యాయి. ఆ చివరి పని దగ్గరే డిటెక్టివ్ సార్జెంట్ లోయిదే ఇయాంబో ఆగిపోయింది.

చనిపోయినవాడు ఎరాస్టస్ గానుసెబ్. ఉగాబ్ లోయలో అడవి గార్డు. ఉదయం ఆరు గంటలకు కొండకు అవతల, ఊట పక్కన శవమై కనిపించాడు. తల వెనక గాయం. తల కింద రాయి, దాని మీద రక్తం. పక్కన బావమరిది గొత్లీబ్ చేతికర్ర.

అడుగుజాడలు, చక్రాల జాడలు ఏవీ లేవు. తెల్లవారుజామునే మేకలు నీళ్లకు దిగి ఇసుకంతా తొక్కేశాయి.

ఆ మేకలూ గొత్లీబ్‌వే. ముందురోజు వాటి గురించే బావతో ఊరందరి ముందూ గొడవపడ్డాడు.

లోయిదే పోలీసు వ్యాన్ తలుపు తెరిచింది. లోపల బేడీలతో గొత్లీబ్.

"రాత్రి ఎక్కడున్నావు?"

"దొడ్డి దగ్గర, మేడమ్."

"ఎవరు చూశారు?"

"మేకలు."

"వేళాకోళమా?"

"కాదు మేడమ్. నిజంగా మేకలే చూశాయి."

"నీ కర్ర అక్కడికెలా వెళ్లింది?"

"బావే పట్టుకెళ్లాడు. పాములు తిరుగుతున్నాయన్నాడు. తిట్టుకుంటూనే ఇచ్చాను."

ఎరాస్టస్ భార్య లుక్రేసియా వ్యాన్ ముందు చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. లేవమన్నా లేవలేదు.

"మధ్యాహ్నం మొగుణ్ణి తీసుకెళ్లారు. సాయంత్రం తమ్ముణ్ణి తీసుకెళ్తారు. ఇంట్లో ఇంకో కుక్క ఉంది. దానికీ బేడీలు తెచ్చారా?" అంది.

లోయిదే వాచీ చూసుకుంది. నాలుగు నలభై. కాలు ఒకచోట నిలవడం లేదు. ఒక మాట ఆమెను తొలిచేస్తోంది. ముందురోజు సాయంత్రం ఎరాస్టస్ ఆఫీసుకు రేడియోలో చెప్పిన మాట అది. "ఊట పైన కొత్త గుంతలు కనబడ్డాయి. ఏనుగుకాలు మొక్కల్ని తవ్వుతున్నారు. రాత్రి కాపు కాస్తాను."

బండల మధ్య వందల ఏళ్లు బతికే లావుపాటి మొక్కలవి. వాటిని దొంగతనంగా విదేశాలకు పంపేవాళ్లున్నారు. మనిషి ఒక్కడే మోయలేని బరువు. బండి కావాలి.

ఆ చుట్టుపక్కల బండి ఉన్నది ఒక్కరికే.

ఆమె మళ్లీ నది ఒడ్డున ఉన్న క్యాంపుకు నడిచింది.

రాజధాని విండ్‌హుక్ నుంచి వచ్చిన వెసెల్ ప్రెటోరియస్, అతని చిన్నాన్న కొడుకు కోబుస్ అక్కడున్నారు. పికప్ వెనక, సైన్యం పాతబడి అమ్మేసిన సరుకు ట్రైలర్ ఒకటి తగిలించి ఉంది. రెండు చక్రాలు, ఇనుప పెట్టె, పైన ఇనుప కమ్ముల మీద ఖాకీ కాన్వాసు. కింద పెద్ద బండరాయి. దాని మీద చక్రాల జాడ పడదు.

"గత వారమే కుట్టించాను మేడమ్," వెసెల్ గుడ్డ మీద తట్టాడు. "అసలు సిసలు నూలు. మా నాన్న ఇలాంటి దాని కిందే పడుకునేవాడు. ప్లాస్టిక్ పట్టాల కింద పడుకునేవాళ్లు ఇంట్లో ఉండటమే మేలు."

గుడ్డకు పూసిన కొత్త మైనం వాసన.

"రాత్రి సంగతి మళ్లీ చెప్పండి."

"మళ్లీనా? ఏడింటికి మాంసం కాల్చుకున్నాం. ఎనిమిదింటికి వాన. వీడు డేరాలో దూరాడు. నేను ట్రైలర్‌లో పరుపేసుకున్నాను. పది దాకా కొట్టింది. ఆ వానలో ఎక్కడికి పోతాం?"

"ట్రైలర్ ఇక్కడే ఉందా?"

"అంగుళం కదల్లేదు."

"లోపల తడవలేదా?"

"చుక్క పడలేదు. రాజులా నిద్రపోయాను. వీడి గురక తప్ప ఏ బాధా లేదు."

కోబుస్ నవ్వలేదు. నేల చూపులు చూస్తున్నాడు.

కానిస్టేబుల్ అప్పటికే అన్నీ చూశాడు. కోబుస్ డేరాకు మోకాలెత్తు దాకా బురద చిమ్మి ఉంది. క్యాంపులో వాన కురిసిన మాట నిజం. కొండ అవతల ఊట దగ్గర చినుకైనా లేదు. ఇక్కడి వాన అంతే. ఎద్దుకు ఒక కొమ్మును తడిపి రెండో కొమ్మును వదిలేస్తుంది. ట్రైలర్‌లో గ్యాస్ స్టవ్, నీళ్ల క్యాన్లు, పార, పరుపు. మొక్కలు లేవు.

ఎలిబీ గట్టిగానే ఉంది. ఎండకు కాన్వాసు పొడిగా ఉండటంలోనూ వింత లేదు.

లోయిదే ట్రైలర్ చుట్టూ తిరిగింది. మళ్లీ తిరిగింది. ఆగి, కానిస్టేబుల్‌ను పిలిచింది.

"గొత్లీబ్‌ను, వాళ్లక్కను ఇక్కడికి తీసుకురా."

అందరూ వచ్చాక నీళ్ల క్యాన్ ఎత్తి కాన్వాసు మీద కుమ్మరించింది. క్యాన్ ఖాళీ అయ్యేదాకా ఆపలేదు. వెనక తలుపు దించి లోపలికి చూపించింది.

ముందు ఏమీ లేదు. తర్వాత ఒక కుట్టు దగ్గర చుక్క. ఇంకో కుట్టు దగ్గర ఇంకో చుక్క. కాసేపటికి పరుపు మీద టపటపా పడుతున్నాయి.

"అదేంటి మేడమ్, పరుపు తడిపేశారు," వెసెల్ విసుక్కున్నాడు. "కొత్త గుడ్డ మొదటిసారి తడిస్తే కుట్ల దగ్గర కారుతుంది. బాగా నానితే నూలు ఉబ్బి కన్నాలు మూసుకుంటాయి. తర్వాత ఆరినా, మళ్లీ తడిసినా చుక్క దిగదు. క్యాంపుల మొహం చూడని వాళ్లకు ఏం తెలుస్తుంది?"

"నాకు తెలుసు," లోయిదే నెమ్మదిగా అంది. "నేను పుట్టింది అంగోలాలో, శరణార్థుల డేరాలో. కొత్త డేరా వస్తే మా అమ్మ దాన్ని ముందు తడిపి ఆరబెట్టేది. ఆ తర్వాతే పిల్లల్ని పడుకోబెట్టేది."

ఆమె వెసెల్ వైపు తిరిగింది.

"ఇది మొదటి తడి అని మీరే అన్నారు. మరి రాత్రి రెండు గంటల వాన దేని మీద పడింది?"

ఆమె డేరా వైపు చెయ్యి చూపించింది.

"డేరా ఇక్కడ తడిసింది. ట్రైలర్ తడవలేదు. అంటే వాన పడుతున్నప్పుడు అది వాన లేని చోట ఉంది. కొండకు అవతల. తిరిగొచ్చేసరికి క్యాంపు తడిగా కనిపించింది. ఆ వాననే సాక్ష్యంగా వాడుకున్నారు. మొక్కలెక్కడ, కోబుస్?"

"నోరు మూసుకో," అన్నాడు వెసెల్, తమ్ముడితో.

కోబుస్ కూలబడిపోయాడు. "దారిలో వాగు గట్టు కింద. కొమ్మలు కప్పి పెట్టాం. మీరు వెళ్లాక తీసుకుందామన్నాడు."

కానిస్టేబుల్ వెసెల్ భుజం పట్టుకున్నాడు. లోయిదే గొత్లీబ్ బేడీలు విప్పింది. అతను మణికట్టు రుద్దుకోలేదు. అక్క పక్కకెళ్లి నిలబడ్డాడు.

లుక్రేసియా కోబుస్‌నే చూస్తోంది. "మా ఆయన మీ మీద కర్ర ఎత్తాడా?"

"లేదమ్మా."

"మరి ఏం చేశాడు?"

"కర్ర పక్కన పడేశాడు. ట్రైలర్ వెనక తలుపు మీద ఎక్కి కూర్చున్నాడు. 'ఇవి మా తాతల కంటే పెద్దవి. దించండి. దించేదాకా లేవను' అన్నాడు. అన్న బండిని ఒక్కసారిగా ముందుకు ఉరికించాడు. ఆయన వెనక్కి పడ్డాడు."

"ఊపిరి ఉందా అప్పుడు?"

కోబుస్ ఉందన్నట్టు తలూపాడు.

లుక్రేసియా తమ్ముడి చెయ్యి పట్టుకుని ఊరివైపు నడిచింది.

వెసెల్‌ను కోర్టు చూసుకుంటుంది. మొక్కల్ని మర్నాడే వాటి గుంతల్లో తిరిగి నాటారు. అన్నీ బతుకుతాయో లేదో చెప్పలేం. చదివినవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. ఎవరూ చూడని చోట, ఇద్దరి ముందు ఒక్కడే, కర్ర పడేసి కూర్చున్న మనిషి ఒకడున్నాడు. ఎరాస్టస్ గానుసెబ్. మన నోటికి కాస్త కష్టమైన పేరే. అయినా గుర్తుపెట్టుకోండి.