మచ్చపండ్ల గిన్నె

మామిళ్ళదుర్గం ఎక్కడుందని నన్ను అడగవద్దు. కొండలూ వాగులూ దాటుతూ పోతే ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఆ రాజ్యం నిండా పండ్లతోటలే. అక్కడివాళ్ళకు పండ్లంటే ప్రాణం, దానితోపాటు ఒక చాదస్తం కూడా ఉండేది. చిలుక కొరికిన పండునూ, రాలి కమిలిన పండునూ ఎవరూ ఇంట్లోకి రానిచ్చేవారు కారు. గోడ అవతలికి విసిరేసేవారు. మచ్చపడ్డ పండు గడప తొక్కకూడదన్నది తాతల నాటి కట్టుబాటు.

రాజుగారి వంటశాలకు పెద్ద అయిన తిప్పన్న ఈ కట్టుబాటును అందరికన్నా గట్టిగా పట్టుకున్నాడు. మనిషి వెన్నలాంటివాడే, కాని పండు చేతికి వస్తే మాత్రం తీర్పు చెప్పే అధికారి అయిపోయేవాడు.

మామిడికాపు ముగిసి తొలకరి పడుతున్న రోజుల్లో ఒక ఉదయం ఎవరో ముసలమ్మ వంటశాల గడప దగ్గరకు వచ్చి ఒడి విప్పి చూపించింది. అందులో అన్నీ కమిలిన పండ్లే.

"నాయనా, వీటితో ఏదైనా తియ్యగా చేసిపెట్టు. ఆకలేస్తోంది" అంది.

తిప్పన్న గరిటె అడ్డంగా ఊపాడు. "కూర్చో అవ్వా, కడుపు నిండా అన్నం పెడతాను. అవి మాత్రం బయట పారేసి రా. మచ్చపడ్డ పండు గడప..."

మాట పూర్తి కాలేదు. తిప్పన్న ఉన్నవాడు ఉన్నట్టే మట్టిబొమ్మ అయిపోయాడు. చేతిలో గరిటె అలాగే ఉంది. వంటశాలలో పొయ్యిలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

వచ్చినావిడ అడవిని కాచే గుబురమ్మ. "ఇకమీదట నా కొండ మీద తప్ప ఈ రాజ్యంలో ఎక్కడా నిప్పు రాజుకోదు. ఎవరైనా నా పొయ్యి దగ్గరకు వచ్చి, నా మనసుకు నచ్చే తీపి చేసిపెడితే అప్పుడు చూద్దాం" అని చెప్పి మాయమైంది.

రాజ్యానికి కష్టాలు మొదలయ్యాయి. జనం నానబెట్టిన అటుకులు తిని పూట గడిపారు. పసిపిల్లలకు వేడినీళ్ళు లేవు. మణివర్మ మహారాజు కొండకు పంపిన సైనికులు దారిలో నదిని కాస్తున్న రాక్షసుణ్ణి చూసి, వెళ్ళినంత వేగంగానే తిరిగివచ్చారు.

తిప్పన్న కూతురు వకుళకు మాత్రం వీటన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. వానాకాలం వచ్చేసింది. వంటశాలలో తేమ చేరుతోంది, ఆరబెట్టడానికి నిప్పు లేదు. ఆమె రోజూ పొడిబట్టతో నాన్నను తుడుస్తూనే ఉంది. ఒకనాడు ఆ బట్టకు మెత్తటి మట్టి అంటుకుంది. చూస్తే నాన్న చిటికెనవేలి గోరు చెరిగిపోయి ఉంది. వకుళకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని నేరుగా రాజుగారి దగ్గరకు వెళ్ళింది.

"మహారాజా, నేను వెళతాను. వానలు ముదిరితే మా నాన్న నాకు దక్కడు."

"వెళ్ళు తల్లీ. ఆవిడకు కోపం వచ్చిందంటే మనం చిన్నచూపు చూశామనే కదా. ఈ ఏటి కాపులో మిగిలిన మేలైన మామిడిపండ్లు తీసుకుపో. ఒక్క మచ్చ కూడా ఉండదు" అన్నాడు రాజు. ఆ రాజ్యంలో పుట్టినవాళ్ళకు అంతకన్నా మంచి ఆలోచన ఎలా వస్తుంది చెప్పండి.

వకుళ ఒక్కొక్క పండునూ గడ్డిలో చుట్టి బుట్టలో పెట్టుకుంది. నాన్న చేసే మామిడి కజ్జికాయలు చేయాలని మెత్తటి గోధుమపిండి మూటకట్టుకుంది. నెయ్యి, బెల్లం, మూత ఉన్న ఇత్తడిగిన్నె కూడా తీసుకుంది. దారిలో తినడానికి అటుకులూ, నిప్పు ఆరకముందు వేయించిన కాస్త జొన్నపిండీ కొంగున కట్టుకుని అడవిలోకి నడిచింది.

అడవి చిక్కబడినచోట సన్నని లోయదారికి అడ్డంగా ఒక ఎలుగుబంటి కూర్చుని ఉంది. దాని ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

"ఎలుగు మామా, దారి ఇస్తావా?" అని అడిగింది వకుళ.

"లేవలేను పిల్లా. పన్ను సలిపేస్తోంది. తిండి తిని ఎన్నాళ్ళయిందో. చెట్టెక్కి జామపండ్లు కోసుకుంటే వాటి గింజలు పంటికి రాళ్ళలా తగులుతున్నాయి."

వకుళ బుట్టవంక చూసింది. ఇవ్వాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించింది. ఆకలితో ఉన్నవాళ్ళను దాటి వెళ్ళడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. మామిడిపండ్లు మెత్తగా పిసికి, రసం దాని నోట్లో పిండింది. సగం బుట్ట ఖాళీ అయ్యాక ఎలుగు తృప్తిగా మూతి నాకుకుని పక్కకు జరిగింది. తాను కోసిన జామపండ్లన్నీ ఆమె బుట్టలో పోసింది. చిలుక ముక్కు గాటు లేనిది ఒక్కటీ లేదు. పారేస్తే దాని మనసు నొచ్చుకుంటుందని వకుళ ఊరుకుంది.

లోయ దాటితే నది. దాన్ని కాసే గండశిలుడనే రాక్షసుడు మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

"మనిషి వాసన" అని గర్జించాడు.

"మామిడిపండు వాసన. సరిగ్గా చూడు" అంది వకుళ.

రాక్షసుడు ముక్కు ఎగబీల్చాడు. "అవునే. అదేమిటి, నన్ను చూసి పరుగెత్తవేం?"

"పరుగెత్తితే నది దాటేదెలా? తింటావా?"

అతణ్ణి 'తింటావా' అని అడిగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. ఒక పండు తిన్నాడు, ఇంకోటి తిన్నాడు, టెంకలతో సహా అన్నీ తినేశాడు. తరువాత బుట్టలో మామిడిపండ్లు అయిపోయాయని గమనించి సిగ్గుపడి, ఒడ్డునున్న నేరేడుచెట్టును పట్టుకుని ఊపాడు. రాలిన పండ్లు గుప్పెటతో తీసి ఆమెకిచ్చాడు. రాక్షసుడి గుప్పెట కదా, పండ్లు చితికి రసం కారుతున్నాయి. ఆమెను భుజాన కూర్చోబెట్టుకుని నది దాటించాడు. మధ్యలో తుమ్మాడు. ఆ తుమ్ముకు గోధుమపిండి మూట జారి నీళ్ళలో పడింది.

అవతలి ఒడ్డున వకుళ కూలబడిపోయింది. మేలైన మామిడిపండ్లు లేవు, కజ్జికాయలకు పిండి లేదు. ఉన్నవల్లా కొరికిన జామపండ్లు, చితికిన నేరేడుపండ్లు. వెనక్కి వెళ్ళి మళ్ళీ తెద్దామంటే అప్పటికి నాన్న ఉంటాడో ఉండడో. వకుళ లేచి కొండ ఎక్కింది.

కొండ మీద గుహలో పొయ్యి ధగధగ మండుతోంది. పక్కనే గుబురమ్మ కూర్చుని ఉంది. ఆమె ఎదుట పళ్ళెంలో బంగారురంగు పండ్లు మెరుస్తున్నాయి.

"ఏం తెచ్చావే?" అంది. బుట్టలోకి చూసి మూతి విరిచింది. "ఇవా? పోనీలే, నా పళ్ళెంలోవి తీసుకో. ఒక్క మచ్చ లేదు."

వకుళ చెయ్యి అటు వెళ్ళింది. ఒక పండు తీసి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుంది. నాన్న ఏ పండునైనా ముందు వాసన చూసేవాడు. దానికి వాసనే లేదు. బొటనవేలితో నొక్కితే చెక్కలా ఉంది. తన బుట్టలోంచి మాత్రం జామ, నేరేడు కలిసిన ఘుమఘుమ గుహంతా వ్యాపిస్తోంది. ఆకలైన ఎలుగూ, రాక్షసుడూ తమ దగ్గరున్నదేదో ఇచ్చిన పండ్లవి.

"నా చేతిలో ఉన్నవాటితోనే చేస్తాను అవ్వా" అంది.

కమిలిన చోటు మేరకు కోసి తీసేసింది. జామముక్కలు గిన్నెలో పరిచి, గింజలు తీసిన నేరేడుగుజ్జు పైన వేసి, బెల్లం చల్లింది. కొంగు విప్పి అటుకులూ జొన్నపిండీ నేతితో కలిపి చూసింది. అది ముద్ద కట్టలేదు, పొడిపొడిగా రాలిపోయింది. సరే, రాలితే రాలనిమ్మని ఆ పొడినే పండ్ల మీద మందంగా పరిచింది. ఆవిరి పోవడానికి మూత కింద చిన్న పుల్ల ఆనించి, గిన్నె కింద కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని నిప్పులు పెట్టింది.

"మాడిపోతుందేమో, తీసి చూడు" అంది గుబురమ్మ కాసేపటికి.

"వాసన వచ్చేదాకా మూత తీయకూడదని మా నాన్న చెప్పాడు."

"మట్టిబొమ్మ మాట వింటావా?"

"బొమ్మయినా మా నాన్నే" అంది వకుళ.

చివరికి కమ్మటి వాసన గుప్పుమంది. మూత తీస్తే పైన ఎర్రగా వేగిన పొర, అంచుల వెంట ఊదారంగు పాకం కుతకుతలాడుతోంది. గుబురమ్మ ఒక గరిటెడు నోట్లో పెట్టుకుంది. గుహంతా కరకరమని వినిపించింది. నమిలి మింగాక ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఆ చెట్లు నా పిల్లలమ్మా. అవి కన్నవాటికి కాస్త మచ్చ ఉందని గోడ అవతలికి విసిరేస్తుంటే నాకెలా ఉంటుంది? నా బాధ అర్థమయ్యేలా చెప్పడం చేతకాక కోపం చూపించాను. ఇదిగో నిప్పు, కుండలో పెట్టి తీసుకుపో. ఈ గిన్నెలోది ఒక్క ముద్ద మీ నాన్న పెదవులకు తగిలించు, చాలు."

దారిలో గండశిలుడు రుచి చూస్తానన్నాడు. ఎలుగు తన పండ్లు ఎలా కుదిరాయో చూడాలంది. వాళ్ళ పండ్లే కదా, పెట్టకుండా ఎలా? గుహలో గుబురమ్మ తిన్నది సగం, నది దగ్గర కొంత, లోయలో ఇంకొంత పోగా, వంటశాలలో అడుగుపెట్టేసరికి గిన్నె అడుగున గీరితే ఒక్క ముద్ద వచ్చింది.

వకుళ వేళ్ళు ఊదారంగులో ఉన్నాయి. రాజూ జనమూ చూస్తుండగా, ఆ ముద్ద తండ్రి మట్టిపెదవులకు తగిలించింది. పెదవులు ఎర్రబడ్డాయి. గరిటె ఊగింది. కుండలోని నిప్పు అందుకుని పొయ్యిలు భగ్గుమన్నాయి.

"...తొక్కకూడదు" అన్నాడు తిప్పన్న.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తిప్పన్న ఒక్కడికి ఏమీ అర్థం కాలేదు. నోట్లో ఏదో ఉందని తోచి నమిలాడు. కరకరమంది. మరికాస్త నెమ్మదిగా నమిలాడు. కూతురి చేతిలోని గిన్నె అందుకుని అడుగు తడిమి చూశాడు.

"ఇదేం పండు తల్లీ?"

"మచ్చపడ్డ పండే నాన్నా. ఎలుగు ఇచ్చిన జామ, రాక్షసుడిచ్చిన నేరేడు" అంటూ వకుళ జరిగిందంతా చెప్పింది. చెబుతూనే అతని మెడ చుట్టూ చేతులు వేసి, అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.

తిప్పన్న చాలాసేపు ఆమె తల నిమిరాడు. తరువాత మూలనున్న తట్ట తీసుకుని పెరటి గోడ అవతలికి వెళ్ళాడు. వాన తుంపరలో వంగి రాలిన పండ్లన్నీ ఒక్కొక్కటే ఏరాడు. తట్ట నిండాక తిరిగి వచ్చి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టాడు.

ఆ ఏడే మణివర్మ మహారాజు వకుళను తండ్రితో సమానంగా వంటశాల పెద్దను చేశాడు. ప్రతి తొలకరికీ కొండ మీదికి ఒక గిన్నె వెళుతుండేది, నది దగ్గరా లోయలోనూ ఆగుతూ ఆగుతూ. వకుళ పెళ్ళి సంగతి ఏమైందంటారా? అయింది, చాలా ఏళ్ళ తరువాత, బాగానే అయింది. విందులో ఆ వంటకం రెండోసారి అడగనివాళ్ళు లేరు. తిప్పన్న మాత్రం ఎప్పుడూ మొదటి వడ్డన వద్దనేవాడు. అందరూ తిన్నాక గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అడుగు గీరుకుని తినేవాడు.