టల్లీ మజిలీలో ఆగిన బగ్గీ

టల్లీ మజిలీ దగ్గర పొద్దు గూకాక ఎవ్వరూ ఆగరు. కానీ గుర్రాలే ఆగిపోతాయి — అదీ దాని చెడ్డపేరు.

మా నెవాడా వైపు రైలు రాకముందు టపాబండ్లు అక్కడే గుర్రాలు మార్చుకునేవి. రైలొచ్చింది, బండ్లు పోయాయి. వాటి గుర్రాల్ని చుట్టుపక్కల పశువుల కామందులు తలా ఒకటి కొనుక్కున్నారు. మజిలీ నడిపిన ముసలి టల్లీ మాత్రం ఆ గడపలోనే కన్నుమూశాడు. అప్పట్నించీ దారిన పోయే గుర్రాల కళ్ళెం పట్టుకుని ఆపేస్తాడని... జనం మాట.

ఎఫీ పిన్ని (మా వైపు అందరికీ పిన్నే) చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆవిడ అక్క కొడుకు ఆరిన్ పశువులు కాస్తాడు. కొమ్ములు విసిరే ఎద్దుకి ఎదురెళ్తాడు గానీ, లెటీ ప్రూయిట్ కనిపిస్తే మాట పడిపోతుంది. పెళ్ళి మాట అడుగుదామని రెండుసార్లు బయల్దేరాడు. రెండుసార్లూ టల్లీ దగ్గర గుర్రం ఆగిపోతే, దాన్నక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. గుర్రం తెల్లారాక తీరిగ్గా వచ్చింది.

లెటీ కబురు పెట్టింది — “శనివారం రాత్రి భోజనానికి వస్తే సరే. లేదా, ఆదివారం రైలెక్కి మా మేనత్త దగ్గరికి పోతా. మళ్ళీ రాను.”

ఈసారి పిన్ని కూడా బగ్గీ ఎక్కింది.

పొద్దు వాలింది. సేజ్ పొదల్లో గాలి సన్నగా ఈల వేస్తోంది. అదిగో... కూలిన కొట్టం. ఆ పక్కనే మజిలీ ఇల్లు.

“అటు చూడకు. పోనీ,” అంది పిన్ని గుసగుసగా.

గుర్రం ఆగింది.

ఆరిన్ పగ్గాలు విదిలించాడు. కదల్లేదు. చెవులు గుమ్మం వైపు నిక్కించి — నిలబడింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చీకటి.

“పిన్నీ... వచ్చాడు.”

“ఎవడు?”

“టల్లీ.”

“వస్తే రానీ. వాణ్ణా నువ్వు చేసుకునేది?”

“ఇంటికి పోదాం పిన్నీ...”

“పోయి? రేపు రైలు పొగ చూస్తూ కూర్చుంటావా?”

పిన్నికి ఒళ్ళు మండింది. లాంతరు పట్టుకుని దిగింది. గుమ్మం దాకా వెళ్ళి చీకట్లోకి వేలు చూపించింది.

“టల్లీ! బతికున్నప్పుడు నీ మాడిన చిక్కుడు గింజలు తిని నోరెత్తలేదు. చచ్చాక కూడా నీ పెత్తనమేనా? లోపలే పడుండు!”

తలుపు ధడాలున వేసింది.

అంతే — గుర్రం లంఘించింది! బగ్గీ, ఆరిన్, వాడి కేక... అన్నీ దుమ్ములో మాయం.

పిన్ని ఒక్కతే మిగిలింది. టల్లీ గుమ్మంలో.

అక్కడ ప్రూయిట్ వాళ్ళు అప్పుడే భోజనాలకి కూర్చున్నారు. ఆరిన్ తూలుకుంటూ లోపలికొచ్చి పడ్డాడు. వారం నుంచీ వల్లెవేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

“మా పిన్నిని దెయ్యం పట్టుకుంది!”

లెటీ లేచి, శాలువా కప్పుకుని, బగ్గీ ఎక్కేసింది. మా వైపు పెళ్ళికాని పిల్ల చీకటి పడ్డాక ఒకడి పక్కన ఒంటరిగా బండెక్కిందంటే పెళ్ళి ఖాయమైనట్టే, ఇంక అడగక్కర్లేదు. వాళ్ళ నాన్న లేవబోతే వాళ్ళమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

వెనక్కొచ్చాక గుర్రం మళ్ళీ టల్లీ గుమ్మం ముందే ఆగింది. పిన్ని మెట్టు మీద లాంతరు కావలించుకుని, వచ్చీ రాని కీర్తన పాడుతోంది.

లెటీ పగలబడి నవ్వింది. “దెయ్యమూ లేదు, పాడూ లేదు పిన్నిగారూ! మా నాన్న ఇక్కడే గుర్రాలు మార్చేవాడు, చిన్నప్పుడు నేను చూసేదాన్ని. జనం ఎక్కాక బండి తలుపు ధడేల్‌మంటేనే అవి కదిలేవి. ఇది ఆ టపాబండి గుర్రమే. తలుపు చప్పుడు కోసం చూస్తోంది, పాపం.”

పిన్ని గుర్రం మొహం చూసింది. ఆరిన్ మొహం చూసింది.

“అడిగాడా తల్లీ?”

“ఎక్కడ! దారంతా మీ జపమే.”

పిన్ని లేచి, తలుపు బార్లా తెరిచి, దాని మీద చెయ్యేసి నిలబడింది.

“ఒరేయ్. నువ్వు అడిగేదాకా ఈ తలుపు వెయ్యను. తెల్లారినా సరే.”

గాలి... ఎక్కడో నక్క కూత... గుర్రం ఓపిగ్గా నిలబడే ఉంది.

“లెటీ...” ఆరిన్ గొంతు పెగిలింది. “నన్ను... చేసుకుంటావా?”

“ఊఁ,” అంది లెటీ.

సంతోషం పట్టలేక పిన్ని తలుపు ధడాలున వేసేసింది.

బగ్గీ మళ్ళీ దుమ్ములో మాయం.

పిన్ని కాసేపు అటే చూసి, మెట్టు మీద కూలబడుతూ అందిట — “కాస్త జరుగు, టల్లీ.”