అత్తగారి ఎర్ర చుక్కలు

"చుక్కలు మింగేస్తోంది నీ ప్రోగ్రాము. నేను చెప్తే వినవు," అంది అత్తగారు, టీ గ్లాసు బల్లమీద ఠక్కున పెడుతూ.

"మింగడానికి దానికి నోరుందా అత్తయ్యా! స్క్రీన్ మీద అన్నీ ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడండి," అంది కోడలు. నిన్నటినుంచీ ఇదే మాట చెప్పీ చెప్పీ ఆమె గొంతులో విసుగు దాగడం లేదు.

"నర్సమ్మలు నీ స్క్రీన్ చంకన పెట్టుకుని తిరుగుతారా? కాగితం మీద ఉండాలమ్మాయ్, కాగితం మీద!"

"పంచదార కూడా ఆ ప్రోగ్రామే మింగినట్టుంది. టీ చప్పగా ఉంది," అన్నాడు మామగారు పేపరు చాటునుంచి. ఎవరూ నవ్వలేదు.

ఆ ఇంట్లో ముందుగదే పనిగది. కోడలు కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూరుస్తుంది. వీధి చివర ప్రింటింగ్ షాపు ఆమె భర్తది. అత్తగారు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసి, అది మానేశాక ఆ పనే ఇంట్లో చేస్తోంది. షాపునుంచి వచ్చిన ప్రూఫు తిన్నగా ఆమె బల్లమీదికే చేరాలి. ఆమె కన్నా ముందు ఎవరూ దాన్ని చూడకూడదు. "ముందే నలుగురూ చూస్తే, నాలుగోవాడు చూశాడులే అని మొదటివాడు నిద్రపోతాడు," అంటుంది. కోడలు కాపురానికి రాకముందునుంచీ ఉన్న కట్టుబాటు అది.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఆసుపత్రి నర్సులు జేబులో పెట్టుకునే పుస్తకం. నిండా పిల్లలకిచ్చే మందుల మోతాదుల పట్టికలు. రెండుకీ ఐదుకీ మధ్య చుక్క పోయిందంటే రెండున్నర కాస్తా ఇరవై ఐదవుతుంది. అందుకే చుక్క లేనిచోటల్లా అత్తగారు ఎర్ర పెన్సిల్‌తో దిట్టంగా ఒక చుక్క పెట్టి పంపింది. తిరిగొచ్చిన పట్టికలు పొంగు పోసినట్టు ఎర్రబడి ఉన్నాయి. ఆ ఎరుపు కింద అసలేముందో పోల్చుకునే వీలే లేదు.

కావాలనే నాకు వంకలు పెడుతోందా? టీ గ్లాసులు కడుగుతూ అనుకుంది కోడలు. అనుకున్నందుకు సిగ్గుపడింది. అత్తగారికి కోపం ముక్కుమీదే ఉంటుంది గానీ, పనిలో మాత్రం ఏనాడూ అబద్ధం ఆడలేదు. తప్పు తన దగ్గరే ఉండాలి. అంకెలు చుక్క దగ్గర ఒక వరసలో నిలబడేందుకు, పేజీ రూపురేఖలు నిర్ణయించే స్టైల్ ఫైలులో సొంతంగా కొన్ని లైన్లు చేర్చింది. అక్కడే ఏదో బెడిసికొట్టి ఉంటుంది.

తప్పు పట్టుకోవడానికి ఆమెకు తెలిసిన దారి ఒకటే. ఫైలులో సగం తీసేసి ప్రింటు అత్తగారికి చూపించడం, ఆమె ఇంకా చుక్కలు లేవంటే మిగిలినదాన్ని మళ్ళీ సగం చెయ్యడం. అలా కోసుకుంటూ పోతే చివరికి ఒక్క పట్టిక మిగిలింది. దాన్ని స్టైల్ ఫైలు జోలికి పోకుండా కొత్త ఫైలులో పెట్టి ప్రింటు తీయించింది.

"ఇదిగో! ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి," అంది అత్తగారు, మొహం వికసించి. "నేను చెప్పలా?"

"చెప్పారు అత్తయ్యా. తప్పు నాదే," అంది కోడలు. పంటికింద రాయి పోయినంత హాయిగా ఉంది ఆమెకు.

ఇక స్టైల్ ఫైలులోని లైన్లు ఒక్కొక్కటే తిరిగి చేరుస్తూ, ప్రతిసారీ షాపుకి పరుగెత్తి, ప్రూఫు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఫాంటు చేర్చింది, చుక్కలున్నాయి. వరసలు చేర్చింది, ఉన్నాయి. ఇంకో లైను చేర్చేసరికి పట్టిక మళ్ళీ ఎర్రబడింది.

ఆ లైను చూసి కోడలి చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. పట్టికల్లో అక్షరాలు చిన్నవి చెయ్యమని చెప్పే లైను అది. అంతకుమించి దానికి ఇంకే పనీ లేదు.

షాపుకి వెళ్ళి అదే పేజీ ఇంకోటి తీసింది. మొదటిసారిగా, అత్తగారి కన్నా ముందు, కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. చుక్కలన్నీ ఉన్నాయి. సన్నగా, నల్లగా, ఎక్కడివక్కడే.

భుజం మీదుగా తొంగిచూసిన భర్తకి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. "అంటే అమ్మకి కనపడట్లేదా!" అంటూ చెప్పులేసుకున్నాడు.

"ఏవండీ, ఆగండి, నేను మెల్లగా..."

అప్పటికే అతను వీధిలో ఉన్నాడు.

"అమ్మా, నువ్వింక ప్రూఫులు ముట్టుకోకు!" గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "ఉన్న చుక్కలు లేవంటావు, అదేమో పిచ్చిదానిలా తిరుగుతోంది. రేపు నిజంగా లేని చుక్క ఉందంటే? ఎవరి బిడ్డకేమైనా అయితే?"

అత్తగారు పెన్సిలు బల్లమీద పెట్టి, ప్రూఫులు దొంతరగా సర్ది, వెనక వసారాలోకి వెళ్ళిపోయింది.

"నిజమే కావచ్చురా. కానీ చెప్పే పద్ధతి అదా?" అన్నాడు మామగారు. ఆయన చేతిలో పేపరు చూసి కోడలికి తట్టింది. కొన్నాళ్ళుగా ఆయన రోజూ వార్తలు అత్తగారికి పైకి చదివి వినిపిస్తున్నాడు. వాళ్ళ ముచ్చట అనుకుంది తను!

వసారాలోకి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది.

"నా కళ్ళమీద నాకూ అనుమానమేనమ్మాయ్," అంది అత్తగారు. "చిన్న అక్షరాలు అలుక్కుపోతున్నాయి. చుక్క ఉందో లేదో తెలీలేదు. తెలీనిచోట ఉందిలే అని వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు. అందుకే పెట్టుకుంటూ పోయాను. నింద నీ ప్రోగ్రాము మీద వేశాను."

"నాతో ఒక్కమాట అనుంటే..."

"అంటే పని తీసేసుకుంటారు. చదవడం తప్ప నాకేం వచ్చు? వంట సంగతి మీ మావయ్యనడుగు." నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే విరిగిపోతే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కోడలికీ కళ్ళు నిండాయి. "మీరు వంకలు పెడుతున్నారనుకున్నాను అత్తయ్యా," అంది, ఆ బరువైన చేతిని తన ఒళ్ళోకి తీసుకుని.

సాయంత్రం కోడలు స్టైల్ ఫైలులో ఇంకొక్క లైను చేర్చింది. ప్రూఫు తీసినప్పుడు పట్టికలు పేజీ నిండా పెద్దగా వస్తాయి. అచ్చుకి వెళ్ళేటప్పుడు ఆ లైను తీసేస్తే మళ్ళీ జేబుకి సరిపోతాయి. కొత్త ప్రూఫు అత్తగారి బల్లమీద పెట్టింది. కొడుకు తల్లి కుర్చీని దీపం దగ్గరికి జరిపి, అక్కడే నిలబడిపోయాడు.

భోజనాల దగ్గర అత్తగారు కంచంలోంచి తలెత్తకుండానే అంది:

"రేపు పొద్దున్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఆయన సరేననేదాకా ఏ ప్రూఫూ నేనొక్కదాన్నే చూసి పంపను. నేను పెద్దక్షరాల్లో పైకి చదువుతాను, అమ్మాయి చిన్నక్షరాల్లో సరిచూస్తుంది." ఇంకో ముద్ద కలిపింది. "ఎర్ర పెన్సిలు మాత్రం నా దగ్గరే ఉంటుంది."