కచ్చా కుట్టు

ఐసు ఫ్యాక్టరీ వీధికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. మనుషులు సరే... చచ్చి లేచినవాళ్ళు కూడా వెళ్ళరు.

ఊళ్ళో జాంబీల జబ్బు పాకినప్పటినుంచీ ఎక్కడ చూసినా వాళ్ళే. బస్టాండులో వాళ్ళే, బ్యాంకు మెట్ల మీద వాళ్ళే. ఆ ఒక్క వీధి మాత్రం ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. రాత్రయితే ఫ్యాక్టరీ షట్టరు లోపలినుంచి చప్పుడు — దబ్, దబ్... ఆగి, ఇంకో దబ్. చచ్చినవాళ్ళే హడలిపోయే దెయ్యం ఎంత దెయ్యమో అని జనం చెవులు మూసుకుని పడుకునేవారట.

టైలరక్కకి మాత్రం భయం కన్నా ఒళ్ళుమంట ఎక్కువ.

ఆమె తమ్ముడు ఆ ఫ్యాక్టరీలోనే ఐసు దిమ్మలు మోసేవాడు. గొడవ మొదలైన సాయంత్రం డ్యూటీలో ఉన్నాడు, తిరిగి రాలేదు. చేతుల్లో సామాన్లుంటే ఇంటి తలుపు మోచేత్తో కొట్టడం వాడి అలవాటు. దబ్, దబ్, కాస్త ఆగి ఇంకో దబ్. అచ్చం అలాగే.

"వాడు బతికే ఉన్నాడు బాబాయ్," అందామె.

సందు చివరి మేడ మీద తలదాచుకున్న పదిమందికీ కొట్టు బాబాయే పెద్దదిక్కు. ఆయన గొంతు తగ్గించాడు. "ఇన్నాళ్ళు నీళ్ళు కూడా లేకుండానా తల్లీ?"

"ఐసు కరిగితే ఏమొస్తుంది మరి? పాలొస్తాయా?"

"ఆ షట్టరు తీశావంటే లోపల ఉన్నదేదో బయటికొస్తుంది. ఇక్కడ పసిపిల్లలున్నారమ్మా..."

"మీకు వాళ్ళు పిల్లలైతే, నాకు వాడు పిల్లాడు. అమ్మ పోయాక వాడికి ముద్ద పెట్టి పెంచింది నేను!"

బాబాయ్ లేచి వెళ్ళి మేడ తలుపు గడియ ఇంకోసారి సరిచూసుకున్నాడు.

ఆమెకి అసలు కోపం ఇంకొకడి మీద. పిడుగు మీద.

గాల్లో ఎగురుతూ, లోయలోకి జారే బస్సుని ఒంటిచేత్తో ఆపిన ఆ పిడుగే. ఊళ్ళో ప్రతి గోడ మీదా అతని బొమ్మే. అతని సూటు కుట్టేది ఈ సందులో ఉండే టైలరక్క అని మాత్రం ఏ ఒక్కరికీ తెలియదు. బలమంతా కండల్లోనే గానీ, అతని తోలు మనందరి తోలే — గీసుకుంటే నెత్తురు వచ్చేది. అందుకే కత్తికి తెగని మందపాటి గుడ్డ ఎక్కడినుంచో తెచ్చేవాడు. ఆమె దబ్బనాలు విరగ్గొట్టుకుంటూ, తిట్టుకుంటూ కుట్టేది. గ్లౌజులైతే చేతికి తొడుక్కునే కుట్టించుకునేవాడు. అయిపోగానే మణికట్టు మెల్లిగా పక్కకి తిప్పేవాడు, దారం కొరుక్కోవడానికి ఆమెకి వీలుగా. పక్కనే కత్తెర ఉన్నా పళ్ళతో కొరకడం ఆమె అలవాటు.

గొడవ మొదలైన సాయంత్రం కుడి గ్లౌజుకి బొటనవేలు ఊడిపోయిందని వచ్చాడు. ఆమె ఎర్ర దారంతో కచ్చా కుట్టు వేసింది. గుడ్డ కదలకుండా ముందు వేసే పొడుగాటి కుట్లవి. గట్టి కుట్టు పడ్డాక లాగి పారేస్తారు, అందుకే కళ్ళకి కొట్టొచ్చే రంగు దారం వాడతారు. కచ్చా కుట్టు అయిందో లేదో బయట కేకలు వినిపించాయి. అతను లేచాడు.

"ఆగు. ఇది ఆగదు, గట్టి కుట్టు వెయ్యాలి."

"టైం లేదక్కా."

"మా తమ్ముడు ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడు! ముందు వాణ్ణి చూడు!"

విన్నాడో లేదో... కిటికీలోంచి ఎగిరిపోయాడు. అంతే, మళ్ళీ ఎవరికీ కనబడలేదు. డబ్బున్నవాళ్ళని ఎత్తుకెళ్ళి ఊరు దాటించాడనీ, తనూ అటే జారుకున్నాడనీ మేడ మీద చెప్పుకున్నారు. ఆమె నమ్మింది. దుకాణంలో అతని బొమ్మని ముక్కలుగా చించి పొయ్యిలో పెట్టింది. రోజూ లేవగానే తిట్టేది, పడుకునే ముందు ఇంకోసారి తిట్టేది.

ఆ రాత్రి షట్టరు మళ్ళీ మోగింది. ఇక ఆమె వల్ల కాలేదు. చచ్చి లేచినవాళ్ళకి చీకట్లో చూపానదు, వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి. దబ్బనం పిడికిట్లో పట్టుకుంది. టార్చీ, మైనం రాసిన దారం ఉండా నడుముకి కట్టుకున్న సంచీలో ఉన్నాయి. గోడల వెంట నక్కుతూ ఫ్యాక్టరీ వీధిలోకి మళ్ళింది.

వీధి నిజంగానే ఖాళీ. తన చెప్పుల చప్పుడు తనకే భయమేసేంత ఖాళీ.

"తమ్ముడూ..." షట్టరుకి నోరు ఆనించి గుసగుసగా పిలిచింది. "నేనేరా... అక్కని."

చప్పుడు ఆగిపోయింది.

తర్వాత — దబ్, దబ్... దబ్.

ఆమెకి ఏడుపు పొంగుకొచ్చింది. షట్టరు అంచు పట్టుకుని పైకి లాగింది. రాలేదు. తాళం లేదు మరి, ఎందుకు రాదు? కాలు తన్నిపెట్టి లాగింది. లోపలినుంచి ఎవరో కిందికి పట్టుకున్నట్టు... అంగుళం కూడా కదల్లేదు.

"వదలరా! ఎవడ్రా నువ్వు?"

మోకాళ్ళ మీద కూర్చుని టార్చీ వేసింది.

షట్టరు కింది మూల కాస్త వంగి ఉంది. ఆ సందులోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది. నేలలోని ఇనప కడియం, షట్టరు కింది కడియం — తాళం వెయ్యాల్సిన ఆ రెంటినీ కలిపి పిడికిలి బిగించి ఉంది. నల్ల గ్లౌజు. బొటనవేలి దగ్గర... పొడుగాటి ఎర్ర కుట్లు.

ఆమె కుట్లే.

రెండు కుట్లు తెగి, ఆ సందులో పళ్ళ గాట్లు కనిపించాయి. లోపలి చర్మం బూడిద రంగుకి తిరిగిపోయింది.

టార్చీ ఇంకాస్త లోపలికి తిప్పింది. కాళ్ళు... వీధి వీధంతా అక్కడే ఉంది. బ్యాంకు కాపలావాడి బూట్లు, ఎవరివో ఇంటి చెప్పులు, ఉత్త పాదాలు. వాళ్ళందరినీ లోపలికి తోసి, తనూ వాళ్ళతోనే ఉండిపోయి, షట్టరు దించి పట్టుకున్నాడు. ఆ వీధి ఎందుకు ఖాళీయో అప్పుడు తెలిసింది.

అన్నిటికన్నా ముందున్న రబ్బరు బూటుకి పక్కన అతుకు ఉంది. ఆ అతుకు వేసిందీ ఆమే. ఆ కాళ్ళకి పైన, షట్టరు మీద, మోచెయ్యి కొడుతోంది. దబ్, దబ్... దబ్.

వాడిలో అలవాటొక్కటే మిగిలింది.

దెబ్బ పడ్డప్పుడల్లా షట్టరు పైకి ఎగురుతోంది. పిడికిలి జారుతోంది. ఎర్ర దారం పోగు పోగుగా విడిపోతోంది. ఇంకో కుట్టు తెగితే ఆ వేలు విచ్చుకుంటుంది. అప్పుడు వీధీ మిగలదు, మేడా మిగలదు.

"ఆగమన్నానా లేదా?" పళ్ళ మధ్యనుంచి అంది. "కాసేపు ఆగితే నీ సొమ్మేం పోయేది? వెధవా... ఇక్కడికే వచ్చావా? ఇక్కడే ఉండి కూడా ఇన్నాళ్ళు నాచేత తిట్లు తిన్నావా?"

దబ్బనంలోకి దారం ఎక్కించింది. బొటనవేలిని మిగతా వేళ్ళకి చేర్చి, రెండు కడియాల చుట్టూ పిడికిలి మూసుకునే ఉండేలా కుడుతోంది. గట్టి కుట్టు, రెండు వరసలు. ప్రతి కుట్టుకీ ఒక తిట్టు. అతన్ని తిట్టింది. మేడ మీద కట్టుకథలు చెప్పినవాళ్ళని తిట్టింది. షట్టరు అవతల మోచెయ్యి కొడుతుంటే... వాణ్ణి మాత్రం తిట్టలేకపోయింది.

"కొట్టకురా నాన్నా... తలుపు తియ్యను. ఈసారి తియ్యను."

ముడి వేసింది. షట్టరు ఎగిరింది గానీ పిడికిలి కదల్లేదు.

ఇక దారం తెంపాలి. తొందరలో కత్తెర తేలేదు. వంగింది... ఆగిపోయింది. చచ్చి లేచినవాడి చేతికి అంత దగ్గరగా మొహం ఎలా పెడుతుంది?

అప్పుడు, ఆ చెయ్యి కదిలింది.

ఆమెని పట్టుకోవడానికి కాదు. మణికట్టు మెల్లిగా... పక్కకి తిరిగింది, దారం కొరుక్కోవడానికి ఆమెకి వీలుగా.